వాల్వు, సీటు, ఇంధనం: లోహాల జోడీ ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా

ఇంజిన్‌లో వాల్వులను తెరిచి మూసే భాగాలన్నిటినీ కలిపి వాల్వ్ ట్రెయిన్ అంటారు. వీటిలో ఏ భాగానికి ఏ లోహం వాడాలన్నది ఆ ఒక్క భాగాన్ని చూసి తేల్చరు. అది దేనికి తగులుతుంది, తగిలే రెండిటి మధ్య ఏ పొర నిలుస్తుంది అన్నవి ముందు చూస్తారు. ఆ పొర ఇంధనం నుంచో ఇంజిన్ ఆయిల్ నుంచో వస్తుంది. పెట్రోలులోంచి సీసాన్ని తొలగించినప్పుడు, బండ్లు గ్యాసుకు మారినప్పుడు, ఆయిల్‌లో ఫాస్ఫరస్ తగ్గినప్పుడు ఏదో ఒక జోడీకి ఆ పొర దూరమైంది. కాబట్టి ‘గట్టి లోహం వేస్తే సరిపోతుంది’ అన్న మాటకు ఈ రంగంలో పెద్దగా విలువ లేదు. కొన్ని జోడీల్లో ఆ గట్టి లోహమే తన తోటి భాగాన్ని తినేస్తుంది.

గంటకు 90 వేల దెబ్బలు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులో ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్ల వేగంతో గంటసేపు నడిస్తే ఒక్కో వాల్వు 90 వేల సార్లు సీటు (మూసుకున్నప్పుడు వాల్వు అంచు ఆనుకునే వలయం) మీద కూర్చుంటుంది. 6000 చుట్ల వేగం దగ్గరైతే సెకనుకు 50 సార్లు. క్యామ్ (క్యామ్ షాఫ్టు మీది ఉబ్బు) తోస్తుంది, ట్యాపెట్టో రాకర్ ఆర్మో ఆ తోపును వాల్వు కాడకు అందిస్తుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, గైడు దాన్ని నిటారుగా నిలుపుతుంది, సీటు రింగు చివరి దెబ్బను కాచుకుంటుంది.

ఈ భాగాలన్నిటి బాధా ఒకటి కాదు. వాల్వు తలకు వేడే ప్రధాన శత్రువు. క్యామ్‌కూ ట్యాపెట్టుకూ సన్నని గీత వెంట పడే ఒత్తిడి సమస్య. స్ప్రింగుకు వేడి పెద్దగా తగలదు కానీ కోట్లసార్లు నలిగి సాగడం వల్ల వచ్చే అలసట ఉంటుంది. గైడులో ఆయిల్ ఎక్కువైతే పొగ వస్తుంది, తక్కువైతే కాడ పట్టేస్తుంది. ఒకే ఇంజిన్ తలలో (సిలిండర్ హెడ్‌లో), ఒకదానికొకటి కొన్ని సెంటీమీటర్ల దూరంలో, ఇన్ని రకాల లోహాలు కనిపించడానికి కారణం ఇదే.

ఇన్‌టేక్ వాల్వుకు ఒక ఉక్కు, ఎగ్జాస్ట్‌కు మరొకటి

ఇన్‌టేక్ వాల్వును ప్రతి చక్రంలోనూ చల్లని గాలి తడుముతుంది. అందువల్ల దాని తల సాధారణంగా 500 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వుకు ఆ భాగ్యం లేదు. మండిన వాయువు దాని అంచుల చుట్టూ తోసుకుంటూ బయటికి పోతుంది కనుక పెట్రోలు ఇంజిన్లలో దాని తల 700 నుంచి 800 డిగ్రీల వరకు ఎక్కుతుంది. ఉక్కు ఎర్రగా మెరిసే వేడి అది. ఆ స్థితిలోనే అది సీటుకు కొట్టుకుంటూ ఉండాలి.

ఇన్‌టేక్ వైపు చాలాకాలంగా వాడుకలో ఉన్నది సిల్‌క్రోమ్ కుటుంబపు ఉక్కు. ఇందులో సుమారు 0.45 శాతం కార్బన్, 8 నుంచి 9 శాతం క్రోమియం, 3 శాతం సిలికాన్ ఉంటాయి. కాల్చి చల్లార్చితే గట్టిపడే ఈ మార్టెన్‌సిటిక్ ఉక్కు చవక, అరుగుదలకు ఓర్చుకుంటుంది, కాడ చివరను మరింత గట్టిపరచడమూ సులువు. దీని లోపం ఒక్కటే. 500 డిగ్రీలు దాటిన కొద్దీ కాల్చి సంపాదించిన గట్టిదనం కరిగిపోతూ వస్తుంది.

ఎగ్జాస్ట్ వైపు ఎక్కువగా కనిపించే ఉక్కు పేరు 21-4ఎన్. పేరులోనే దాని కూర్పు ఉంది: 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, వాటికి తోడు నత్రజని. వీటితోపాటు సుమారు 9 శాతం మాంగనీసు కూడా ఉంటుంది. ఖరీదైన నికెల్ చేయాల్సిన పనిలో కొంత భాగాన్ని మాంగనీసు, నత్రజని పంచుకుంటాయి. ఈ ఆస్టెనిటిక్ ఉక్కు గట్టిదనం కాల్చి చల్లార్చడం మీద ఆధారపడదు కాబట్టి ఎర్రని వేడిలోనూ అది చెప్పుకోదగ్గ బలం నిలుపుకుంటుంది. అయితే దానికి రెండు లోపాలున్నాయి. వేడిని నెమ్మదిగా మోస్తుంది, వేడికి ఎక్కువగా సాగుతుంది. 100 మిల్లీమీటర్ల కడ్డీని 500 డిగ్రీలు వేడెక్కిస్తే మార్టెన్‌సిటిక్ ఉక్కు సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగితే, ఆస్టెనిటిక్ ఉక్కు సుమారు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది. చాలా ఇంజిన్లలో ఎగ్జాస్ట్ ట్యాపెట్టుకు ఇన్‌టేక్ కంటే ఎక్కువ సందు (కాడకూ దాన్ని తోసే భాగానికీ మధ్య ఖాళీ) పెట్టమని మాన్యువల్ చెప్పడానికీ, ఎగ్జాస్ట్ గైడు కాస్త వదులుగా ఉండడానికీ వేడిలోనూ వ్యాకోచంలోనూ ఉన్న ఈ తేడానే మూలం.

ఆస్టెనిటిక్ ఉక్కును కాల్చి గట్టిపరచలేకపోవడం మరో చిక్కు తెచ్చింది. రాకర్ తగిలే కాడ చివర మెత్తగా ఉంటే గుంట పడుతుంది. అందుకే ఎన్నో ఎగ్జాస్ట్ వాల్వులను రెండు ముక్కలుగా చేస్తారు. తల ఆస్టెనిటిక్ ఉక్కు, కాడ మార్టెన్‌సిటిక్ ఉక్కు. ఒకదాన్ని వేగంగా తిప్పుతూ రెండోదానికి అదిమితే రాపిడి వేడికి రెండూ అతుక్కుంటాయి. చేతిలో చిన్న అయస్కాంతం ఉంటే ఈ అతుకును ఎవరైనా పట్టుకోవచ్చు. కాడకు గట్టిగా అంటుకున్న అయస్కాంతం తల వైపు జరుగుతూ ఒకచోట ఉన్నట్టుండి పట్టు వదిలేస్తుంది. తల కూడా అయస్కాంతానికి అంటుకుంటే అది ఆస్టెనిటిక్ తల కాదన్నమాట. అలాంటి వాల్వును ఎగ్జాస్ట్ వాల్వుగా అమ్మితే ఒకటికి రెండుసార్లు అడగాల్సిందే.

తయారీ కూడా ఆసక్తికరమైన పనే. కడ్డీ కొసను విద్యుత్తుతో ఎర్రగా కాల్చి వెనక నుంచి నెడితే అక్కడ లోహం ఉల్లిగడ్డలా ఉబ్బుతుంది, దాన్ని అచ్చులో ఒక్క దెబ్బతో నొక్కితే తల ఆకారం వస్తుంది. తెలుగు నేలకు ఈ పరిశ్రమ కొత్తేమీ కాదు. హైదరాబాద్ శివారు మేడ్చల్‌లో రాణే సంస్థ ఇంజిన్ వాల్వుల కర్మాగారాన్ని నడిపింది. అధిక వేడి తట్టుకునే నికెల్ మిశ్రలోహాలను, టైటానియాన్ని తయారుచేసే మిశ్రధాతు నిగమ్ 1973 నుంచి ఆ నగరంలోనే ఉంది.

సీసం: రక్షకుడూ, భక్షకుడూ

వాల్వు లోహాల చరిత్రలో పెద్ద మలుపు లోహశాస్త్రం నుంచి రాలేదు, పెట్రోలు బంకు నుంచి వచ్చింది. 1921లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి చప్పుడు చేయడం) తగ్గుతుందని కనుగొన్నాడు. నాకింగ్ తగ్గించడం దాని ప్రకటిత ప్రయోజనం. అనుకోకుండా చేసిన మేలు మరొకటుంది. మండాక మిగిలిన సీసం సమ్మేళనాలు ఎగ్జాస్ట్ సీటు మీద సన్నని పొరగా పేరుకుని, వాల్వు లోహం సీటు లోహానికి నేరుగా తగలకుండా అడ్డుపడేవి.

ఆ అడ్డు ఉన్నన్నాళ్లూ పోత ఇనుప సిలిండర్ హెడ్‌లోనే సీటును చెక్కేసి వాడుకోవడం చెల్లింది. విడిగా సీటు రింగు అవసరమే రాలేదు. మరోవైపు అదే సీసం వేడి వాల్వు తలను రసాయనికంగా కొరికేది. ఉక్కులో సిలికాన్ ఎక్కువుంటే ఆ కొరుకుడు ఇంకా ఎక్కువ. 21-4ఎన్ ఉక్కులో సిలికాన్‌ను చాలా తక్కువగా ఉంచడానికి ముఖ్య కారణం సీసం ఆక్సైడు నుంచి కాపాడుకోవడమే. సీసం పోయి దశాబ్దాలు గడిచినా దాన్ని ఎదుర్కోవడానికి రూపొందించిన ఉక్కు మాత్రం వాడుకలో నిలిచిపోయింది. పరిశ్రమలో ఇలాంటి వారసత్వాలు తక్కువేమీ కాదు.

అమెరికాలో 1975 మోడల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే పరికరం) వచ్చింది. సీసం ఆ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు తప్పనిసరైంది. భారతదేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ విస్తరించింది. పాత పోత ఇనుప హెడ్‌లున్న బండ్లలో సీట్లు దిగిపోతాయన్న భయం అప్పటి నుంచి జనంలో తిరుగుతోంది. ఆ భయానికి ఆధారం ఉంది. అయితే దాని తీవ్రత బండిని ఎంత వేగంతో, ఎంత బరువుతో నడుపుతారన్న దాన్ని బట్టి మారుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే స్కూటరుకూ, గంటల తరబడి పూర్తి వేగంతో పోయే ఇంజిన్‌కూ పోలిక లేదు.

సీటు ఎలా దిగిపోతుంది

అరుగుదల అనగానే ఆకురాయి రాసినట్టు రోజూ కొంత పొడి రాలుతుందని అనుకుంటాం. సీటు విషయంలో ఒక చిన్న లెక్క ఈ ఊహను సవరిస్తుంది. సుమారు 1100 గంటల నడకలో వాల్వు 10 కోట్ల సార్లు మూసుకుంటుందనుకుందాం. అంత నడిచాక సీటు 0.2 మిల్లీమీటర్లు దిగిపోతే, సగటున ఒక్క దెబ్బకు పోయిన లోతు ఇనుప పరమాణువు వ్యాసంలో వందో వంతు కూడా ఉండదు. పరమాణువులో వందో వంతు ఊడిపోవడం అసాధ్యం కాబట్టి అత్యధిక శాతం దెబ్బలకు ఏమీ జరగడం లేదని, ఎప్పుడో ఒక దెబ్బకు మాత్రం ఒక కణం పట్టుకుని ఊడి వస్తోందని అర్థం.

జరిగేది సరిగ్గా అదే. మధ్యలో పొర లేకుండా శుభ్రమైన రెండు వేడి లోహాలు గట్టిగా ఒత్తుకుంటే అతి చిన్న బిందువుల దగ్గర అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాల్వు లేచినప్పుడు ఆ అతుకు తెగుతుంది, తెగేటప్పుడు మెత్తని వైపు నుంచి రేణువు వాల్వుకు అంటుకుని వస్తుంది. ఆ రేణువు వేడికి ఆక్సైడుగా మారి గట్టిపడుతుంది. ఇక తర్వాతి దెబ్బల్లో వాల్వు ముఖమే ఆకురాయిలా పనిచేస్తుంది. వాల్వు తన కాడ మీద కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి రాపిడి ఇంకా పెరుగుతుంది. ఒక్కసారి మొదలైన అరుగుదల ఆ తర్వాత వేగం పుంజుకోవడానికి ఇదే కారణం.

దీనివల్ల కలిగే హానిని గుర్తించడంలో జనం తరచు పొరబడే చోటు ఒకటుంది. క్యామో, రాకరో అరిగితే ట్యాపెట్ల సందు పెరిగి టకటక మోగుతుంది, డ్రైవర్ వెంటనే మెకానిక్ దగ్గరికి వెళతాడు. సీటు దిగితే జరిగేది దీనికి సరిగ్గా తిరగబడిన వ్యవహారం. వాల్వు పైకి జరిగి కాడ కొస రాకర్‌కు దగ్గరవుతుంది, సందు తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజిన్ మెత్తబడిందని సంతోషించే లోపు సందు పూర్తిగా పోతుంది. అప్పటి నుంచి వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. వాల్వు తల వేడిలో సుమారు నాలుగింట మూడు వంతులు సీటు ద్వారానే బయటికి పోవాలి. ఆ దారి మూసుకుపోవడంతో, సన్నని చీలికలోంచి మంట దూసుకుపోవడంతో వాల్వు అంచు కాలి తెగుతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజిన్లలో సందును ఆయిల్ పీడనమే సరిచేస్తుంటుంది కాబట్టి హెచ్చరిక ఇంకా ఆలస్యంగా అందుతుంది. ట్యాపెట్టు జరగగల హద్దు ముగిసేదాకా ఏమీ తెలియదు.

గ్యాసుకు మారినప్పుడు

ద్రవ ఇంధనం రెండు పనులు అదనంగా చేస్తుంది. ఆవిరయ్యేటప్పుడు పోర్టులోని (హెడ్‌లో గాలి, వాయువు నడిచే దారిలోని) వేడిని పీల్చుకుంటుంది, మండాక కొంత మసిని, సంకలితాల అవశేషాన్ని సీటు మీద వదులుతుంది. సీఎన్‌జీ వాయువుగానే లోపలికి వస్తుంది. అది తడి చేయదు, మసి దాదాపు వదలదు. పైగా మీథేన్ పెట్రోలు కంటే నెమ్మదిగా మండుతుంది. స్పార్కును ముందుకు జరపకుండా కిట్టు ఒక్కటే బిగిస్తే, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు ఇంకా మండుతున్న వాయువు దాని మీదుగా పోతుంది. సీసం తొలగించినప్పుడు పోయినది ఒక్క పొరే. గ్యాసు దగ్గర పొర పోవడమే కాక వేడి కూడా పెరుగుతుంది.

1998లో సుప్రీంకోర్టు ఆదేశంతో మొదలై 2002 చివరికి ఢిల్లీ నగర బస్సులు సీఎన్‌జీకి మారాయి. భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ద్వారా హైదరాబాద్, విజయవాడల్లోనూ సీఎన్‌జీ వాడకం పెరిగింది, ఎల్‌పీజీ ఆటోలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఈ క్రమంలో రెండు పరస్పర విరుద్ధమైన నమ్మకాలు స్థిరపడ్డాయి. గ్యాసు పెడితే ఇంజిన్ పోతుందన్నది ఒకటి, గ్యాసు శుభ్రమైన ఇంధనం కాబట్టి ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుందన్నది రెండోది. చిత్రమేమిటంటే రెండిటికీ ఆధారం ఉంది, చెబుతున్నది వేర్వేరు భాగాల గురించి. గ్యాసు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేయదు, ఆయిల్ త్వరగా నల్లబడదు. కాబట్టి బోరు, రింగులు, బేరింగులు నిజంగానే బాగుంటాయి. కింద మిగిలిన ఆయుష్షులో కొంత పైన, సీట్ల దగ్గర ఖర్చవుతుంది.

ఫ్యాక్టరీలోనే గ్యాసుకు తయారయ్యే బండికీ, బయట కిట్టు బిగించిన బండికీ ఉన్న అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ ఇంజిన్‌లో సాధారణంగా సీటు రింగుల కూర్పు, వాల్వు ముఖం మీది పూత, స్పార్కు సమయం గ్యాసుకు తగ్గట్టు ఉంటాయి. బయటి కిట్టు సిలిండర్, రెగ్యులేటర్, ఇంజెక్టర్లను మాత్రమే తెస్తుంది, హెడ్ లోపలి లోహం మారదు. బయటి కిట్టున్న బండిలో ట్యాపెట్ల సందును పెట్రోలు బండి కంటే ముందుగా, చప్పుడు లేకపోయినా, కొలిపించుకోవాల్సిన అవసరం ఇందుకే వస్తుంది.

సీటు రింగులో ఏముంటుంది

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి అల్యూమినియం హెడ్‌లో విడి సీటు రింగు తప్పదు. నేటి రింగుల్లో ఎక్కువ భాగం పోత పోసినవి కావు. లోహపు పొడిని అచ్చులో అదిమి, కరగని వేడిలో కాల్చి అతికిస్తారు. ఈ పద్ధతికి సింటరింగ్ అని పేరు. పొడి కావడం వల్ల ఒకదానితో ఒకటి కరిగి కలవని పదార్థాలను కూడా ఒకేచోట చేర్చవచ్చు. ఇనుప ఆధారం, అందులో టూల్ స్టీల్ గట్టి రేణువులు, వాటి మధ్య మాంగనీసు సల్ఫైడు వంటి ఘన కందెన, మిగిలిన రంధ్రాల్లోకి కరిగించి ఇంకించిన రాగి. గ్యాసు ఇవ్వని పొరను ఆ ఘన కందెన ఇస్తుంది. రాగి వేడిని త్వరగా హెడ్‌లోకి చేరవేస్తుంది. ఒక రకంగా చూస్తే, ఒకప్పుడు పెట్రోలులో ఉన్న మందును ఇప్పుడు రింగులోనే కలిపేస్తున్నారు.

వాల్వు వైపు జవాబు స్టెల్లైట్. ఎల్‌వుడ్ హేన్స్ 1907లో పేటెంటు పొందిన కోబాల్టు-క్రోమియం మిశ్రలోహాల కుటుంబమిది. సగానికి పైగా కోబాల్టు, సుమారు 28 శాతం క్రోమియం, కొంత టంగ్‌స్టన్, కార్బన్ ఉండే రకాన్ని వాల్వు ముఖం మీద కరిగించి పొరగా పోస్తారు. ఎర్రని వేడిలోనూ దాని గట్టిదనం చాలావరకు నిలుస్తుంది, ఇనుముతో తేలికగా అతుక్కోదు. దీనికి ధర అడ్డంకి. ప్రపంచ కోబాల్టు గనుల ఉత్పత్తిలో సగానికి పైగా ఒక్క కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే వస్తుంది, బ్యాటరీల పరిశ్రమ కూడా దాని కోసమే పోటీ పడుతోంది.

జోడీ సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. సీటు రింగును చాలా గట్టిది వేసి వాల్వు ముఖాన్ని పూత లేకుండా వదిలేస్తే, సీటు దిగడం ఆగి వాల్వు ముఖం గుంట పడడం మొదలవుతుంది. సందు అప్పుడూ తగ్గుతుంది. కొలిచేవాడికి తేడా తెలియదు.

గైడు సంగతి చిన్నదే అయినా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల్లో ఆయిల్ మండడం వల్ల వచ్చే రేణువులకూ లెక్క ఉంది. కాడ పక్కనుంచి దిగే ఆయిల్‌ను సీళ్లు బాగా కట్టడి చేస్తే గైడు పొడిబారుతుంది. అందువల్ల మామూలు పోత ఇనుము కంటే, రంధ్రాల్లో ఆయిల్‌ను దాచుకోగల సింటర్డ్ గైడుల వైపు తయారీదారులు మొగ్గారు.

ఈ20 పెట్రోలు వాల్వులను తింటుందా

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వచ్చాక ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. గ్యాసుతో పోల్చి చూస్తే జవాబు కొంత స్పష్టమవుతుంది. ఇథనాల్ ద్రవం. ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా వేడిని పీల్చుకుంటుంది. అంటే పోర్టును వేడెక్కించే బదులు చల్లబరుస్తుంది. మసి తక్కువగా ఇవ్వడం, కొంత తినివేసే గుణం ఉండడం మాత్రం దాని ప్రతికూలతలు. బ్రెజిల్‌లో 1979 నుంచి పూర్తి ఇథనాల్ కార్లు, 2003 నుంచి ఏ పాళ్లలోనైనా నడిచే ఫ్లెక్స్ కార్లు ఉన్నాయి. అలాంటి అధిక ఇథనాల్ ఇంజిన్లకు సీట్లను, వాల్వులను బలపరచడం మామూలే. ఐదింట నాలుగు వంతులు పెట్రోలే ఉన్న మిశ్రమాన్ని అధిక ఇథనాల్‌తో సమానం చేయలేం. పాత బండ్లలో ఈ20 వల్ల ముందుగా ఇబ్బంది పడేవి రబ్బరు గొట్టాలు, సీళ్లు, ఇంధన వ్యవస్థలోని కొన్ని లోహాలు. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ముందు ఇంధనాన్ని తట్టుకునే పదార్థాలతో, ఆ తర్వాత ఈ20కి అనువుగా సర్దిన ఇంజిన్లతో, రెండు దశల్లో వాహనాలు రావాలని సూచించింది. వాల్వు సీట్ల గురించిన ఆందోళన పూర్తిగా నిరాధారం కాకపోయినా, కంగారు పడాల్సిన విషయాల జాబితాలో దాని స్థానం పైన ఉండాల్సిన పని లేదు.

క్యామ్, ట్యాపెట్టు: ఆయిల్‌తో కుదిరిన జోడీ

సీటు కథలో ఇంధనం పోషించిన పాత్రను ఇక్కడ ఇంజిన్ ఆయిల్ పోషిస్తుంది. పాత పద్ధతి క్యామ్ షాఫ్టు తయారీలో ఒక చమత్కారం ఉంది. ఒకే పోత ఇనుమును అచ్చులో పోస్తారు, క్యామ్ ముక్కులు వచ్చే చోట మాత్రం ఇనుప దిమ్మెలు అమర్చుతారు. అక్కడ లోహం చప్పున చల్లబడి కార్బైడులతో నిండిన గట్టి తెల్ల ఇనుముగా మారుతుంది. నెమ్మదిగా చల్లబడిన షాఫ్టు మాత్రం తేలికగా కోత పడే బూడిద ఇనుముగా మిగులుతుంది. పదార్థం ఒక్కటే, చల్లారిన వేగమే రెండు లోహాలను చేసింది.

దాని మీద జారే చదును ట్యాపెట్టు నిజానికి పూర్తి చదును కాదు. ముఖం లేశమాత్రం ఉబ్బుగా, క్యామ్ ముక్కు లేశమాత్రం ఏటవాలుగా ఉంటాయి. ఆ ఏర్పాటు వల్ల ట్యాపెట్టు నడుస్తూ తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. కొత్తలోనే రెండూ ఒకదానికొకటి అమరిపోతాయి. అలా అమరిన పాత ట్యాపెట్టును కొత్త క్యామ్ కింద పెట్టడం అంటే ఒకరి చెప్పు మరొకరు తొడుక్కోవడం లాంటిది, ఆ క్యామ్ ఎక్కువకాలం మన్నదు.

ఈ జారుడు జోడీని కాపాడే పొర జెడ్‌డీడీపీ అనే సంకలితం నుంచి వస్తుంది. జింకు, ఫాస్ఫరస్, గంధకం ఉన్న ఈ సమ్మేళనం ఒత్తిడికీ వేడికీ విచ్ఛిన్నమై లోహం మీద గాజులాంటి సన్నని పొర కడుతుంది. ఆయిల్‌తోపాటు కొద్దిగా మండి బయటికి పోయే ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను నెమ్మదిగా చంపుతుంది. అందువల్ల 2000 దశకం మధ్య నుంచి ప్యాసింజర్ కార్ల పలుచని ఆయిళ్లలో ఫాస్ఫరస్ హద్దును 0.08 శాతానికి దించారు. సీసాన్ని సాగనంపిన కన్వర్టరే ఇక్కడా కారణం కావడం గమనించదగ్గది.

కొత్త ఇంజిన్లకు దీనివల్ల పెద్ద నష్టం రాలేదు. అప్పటికే చాలావరకు రోలర్ ఫాలోయర్లు వచ్చేశాయి. జారడం పోయి దొర్లడం మొదలయ్యాక ఆయిల్ పొర మీద ఆధారం తగ్గింది, ఇంధనం కూడా ఆదా అయింది. కానీ దొర్లే రోలరు ఒత్తిడిని మరింత సన్నని గీత మీద పెడుతుంది. తెల్ల ఇనుములోని పెళుసు కార్బైడులు ఆ ఒత్తిడికి పగులుతాయి కాబట్టి క్యామ్‌కు ఉక్కు కావాల్సి వచ్చింది. బోలు ఉక్కు గొట్టం మీద గట్టి క్యామ్ ముక్కులను విడివిడిగా బిగించే పద్ధతి ఈ అవసరంతోనే వ్యాపించింది, దానివల్ల బరువూ తగ్గింది. రోలరు బదులు గిన్నె ట్యాపెట్లను కొనసాగించినవారిలో కొందరు వాటిమీద వజ్రాన్ని పోలిన కార్బన్ పూత వేసి రాపిడిని తగ్గించుకున్నారు.

స్ప్రింగుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. క్రోమియం-సిలికాన్ ఉక్కు తీగ దశాబ్దాలుగా నిలిచింది. దాని ఆయుష్షును నిర్ణయించేది కూర్పు కంటే శుభ్రత. కంటికి కనిపించని ఆక్సైడు రేణువు తీగలో మిగిలిపోతే పగులు అక్కడే పుడుతుంది. చిన్న ఉక్కు గుళ్లను తీగ మీద వేగంగా కొట్టి ఉపరితలాన్ని బిగదన్నేలా చేయడం వల్ల ఆ పగుళ్లు తెరుచుకోవు.

టైటానియం, సోడియం అందరికీ ఎందుకు లేవు

బోలు కాడలో సగానికి పైగా సోడియం నింపే ఆలోచన 1920లలో శామ్ హెరాన్ విమాన ఇంజిన్ల కోసం చేసింది. 98 డిగ్రీల దగ్గర కరిగే సోడియం, ఇంజిన్ నడుస్తుంటే సీసాలో నీళ్లలా పైకీ కిందికీ ఎగురుతూ తల వేడిని కాడకు, అక్కడి నుంచి గైడుకు మోస్తుంది. ఇప్పుడు టర్బో పెట్రోలు ఇంజిన్లలోనూ ఇలాంటి వాల్వులు కనిపిస్తున్నాయి. పాత సామాను కోసేవాళ్లకు మాత్రం ఇవి ప్రమాదం, సోడియానికి నీరు తగిలితే భగ్గుమంటుంది.

టైటానియం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు, ఉక్కుది 7.8. వాల్వు తేలికైతే స్ప్రింగు మెత్తనిది పెట్టవచ్చు, క్యామ్ మీద భారం తగ్గుతుంది, వేగం పెంచవచ్చు. ఇంత మేలున్నా టైటానియం రాపిడికి ఓర్వదు, కాడకూ ముఖానికీ పూత లేకుండా నిలవదు. ఆ పూత ఎంత పలుచనంటే, మామూలు వాల్వుకు చేసినట్టు గ్రైండింగ్ పేస్టు రాసి తిప్పితే అక్కడికక్కడే ఊడిపోతుంది. రేసు ఇంజిన్లలో దానికి జోడీగా రాగి మిశ్రలోహపు సీట్లు వాడడం కూడా ఇదే లెక్క. నిమిషానికి 5000 చుట్లు దాటని కుటుంబపు కారుకు ఆ ఖర్చు తిరిగి రాదు. సిలికాన్ నైట్రైడు సిరామిక్ వాల్వులు ఇంకా తేలిక, వేడికి చెక్కుచెదరవు. పరీక్షల్లో బాగానే నడిచినా, ఒక్క పగిలిన ముక్క ఇంజిన్ మొత్తాన్ని పాడుచేస్తుందన్న భయం, తయారీ ఖర్చు కలిసి వాటిని మార్కెట్టుకు దూరంగా ఉంచాయి.

హెడ్ పనికి వెళ్లినప్పుడు

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల రోజూ జరిగే హెడ్ పనిలో ఈ లెక్కలన్నీ ఒక బల్ల మీదికి వస్తాయి. పోత ఇనుప హెడ్‌లో గట్టిపరచిన సీట్లున్న ఇంజిన్ వస్తే, ఆ గట్టిదనం పైపొరకే పరిమితమని గుర్తుంచుకోవాలి. ఒకటి రెండుసార్లు సీటు కటింగ్ అయ్యేసరికి ఆ పొర అయిపోయి లోపలి మెత్తని ఇనుము బయటపడుతుంది. చూడడానికి కొత్త సీటులా మెరుస్తుంది, గ్యాసు మీద నడిస్తే నెలల్లోనే దిగుతుంది. అలాంటి హెడ్‌కు రింగు వేయించడమే దారి. రింగు వేయించేటప్పుడు బండి నడిచేది పెట్రోలు మీదా, గ్యాసు మీదా అన్న ప్రశ్నను లేత్ పనివాడు అడగకపోతే యజమానే చెప్పాలి, ఎందుకంటే రెండిటికీ తగిన రింగులు వేరు. గైడు అరిగి ఉంటే వాల్వు వంకరగా కూర్చుని కొత్త సీటును ఒక వైపే తింటుంది కాబట్టి గైడును చూడకుండా సీటును మార్చడం సగం పని. అన్నీ బిగించాక కొత్త జోడీ అమరేటప్పుడు సందు కొంత మారుతుంది. మొదటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల తర్వాత ట్యాపెట్లను మళ్లీ కొలిచి, ఆ అంకెలను సిలిండర్ వారీగా రాసి పెట్టుకుంటే, తర్వాతి కొలతలో ఏ వాల్వు సందు ఎంత తగ్గిందో, ఏ సీటు దిగుతోందో కాగితం మీదే కనిపిస్తుంది.